ఉభయపద ప్రాధాన్యం

ఎల్.బి.నగర్ చౌరస్తాలో తూర్పు ముఖంగా నిలుచున్న వానికి ఎదుట రెండు పెద్ద దారులు కనిపిస్తవి. ఒకటి హయత్‌నగర్, చౌటుప్పల్, సూర్యాపేట, కోదాడల మీదుగా విజయవాడకు పోతున్నది. రెండవది కొంచెము దక్షిణముగా తిరిగి, తుర్కయాంజాల్, ఇబ్రహీంపట్నం, యాచారం మీదుగా నాగార్జునసాగరానికి పోతున్నది. పూర్వము నగరము ఇక్కడితో ముగిసేది. నేడు ఇండ్లు ఎంత దూరము పాకిపోయినా, బస్సుల కొరకు మూటలతో, పిల్లలతో నిరీక్షించే జనాన్ని చూస్తే, ఊరికీ పల్లెకూ మధ్యనున్న గడప ఇంకా ఇదేనని తోస్తుంది.

ఈ రెండు దారులను గూర్చి చెప్పడానికి ఒక కారణమున్నది. సాగరు దారిలో ఇబ్రహీంపట్నం దాటిన తరువాత గున్‌గల్ అనే పల్లె వస్తుంది. 1991 సెప్టెంబరు 26వ తేదీన పుట్టిన బి. సుమీత్ రెడ్డిది ఆ పల్లె. విజయవాడ దారిలోని కోదాడ, 1993 ఆగస్టు 18వ తేదీన పుట్టిన ఎన్. సిక్కి రెడ్డిది. ఇరువురూ షటిల్ బాడ్మింటన్‌లో జంట ఆట, అనగా డబుల్స్, వృత్తిగా స్వీకరించినవారు. ఇరువురూ దేశము తరఫున ఆడినారు. 2019 ఫిబ్రవరిలో దంపతులైనారు. రెండు దారుల మీది రెండు ఊళ్ల బిడ్డలు ఒకే నగరములో, ఒకే ఆటలో కలిసినారు. ఈ వ్యాసము ముఖ్యముగా సుమీత్ రెడ్డిని గూర్చినది. అతని మిషగా, జంటలో ఒకడుగా జీవించే మనిషిని మనము ఎట్లా కొలుస్తున్నామనే ప్రశ్నను గూర్చినది కూడా.

ఎల్.బి.నగర్ నుండి మెట్రో రైలు ఎక్కితే విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి దాటి మూడవ స్టేషను దిల్‌సుఖ్‌నగర్. 2018 సెప్టెంబరులో ఈ మార్గము తెరచినప్పటి నుండి ఆ వంతెన మీద నుండి వీధులను చూడడము నాకొక వేడుక. ఎటు చూచినా శిక్షణాలయాలే. ఇంజనీరింగుకు, వైద్యానికి, బ్యాంకు ఉద్యోగానికి, పోలీసు ఉద్యోగానికి, ఉపాధ్యాయ నియామకానికి వేర్వేరు బోర్డులు. ప్రతి బోర్డు మీదా నవ్వు మొగముల ఫొటోలు, వాటి క్రింద ర్యాంకులు. వీనిని నేను నిందించబోవడము లేదు. పాలమూరు, నల్లగొండ పల్లెల నుండి ఒక్క పెట్టెతో దిగిన ఎందరో పేద పిల్లలకు ఈ వీధులే అన్నము పెట్టినవి. అయితే ఒక విషయము గమనించినాను. ఆ ఫొటోలలో ఏ ర్యాంకు క్రిందనూ ఇద్దరు లేరు. ఇద్దరు కలిసి సాధించిన ర్యాంకు అనేది అక్కడి లెక్కలోనికి రాదు. పరీక్ష స్వభావమే అంత. అక్కడ పక్కవాని వైపు చూడడమే నేరము.

ఆ వీధులకు కూతవేటు దూరములో సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియము ఉన్నది. శిక్షణాలయములో పక్కవానిని చూడకుండ ఉండడము నేర్చిన పిల్లవాడే ఆట స్థలములోనికి వచ్చి జంటగా నిలువబడితే, అక్కడ పక్కవానిని చూడకపోవడమే నేరమవుతుంది. ఒకే పిల్లవానికి ఒకే దినమున రెండు విరుద్ధ పాఠాలు! ఈ రెండవ పాఠము ఎట్టిదో తెలియాలంటే ఆట మర్మము కొంత తెలియాలి.

బాడ్మింటన్ కోర్టు పొడవు 13.40 మీటర్లు. ఒంటరి ఆటకు వెడల్పు 5.18 మీటర్లు, జంట ఆటకు 6.10 మీటర్లు. మనుషులు రెట్టింపైనా స్థలము పెరిగినది 92 సెంటీమీటర్లు మాత్రమే. అంతేకాదు, జంట ఆటలో సర్వీసు వెనుక గీత 76 సెంటీమీటర్లు ముందుకు జరుగుతుంది. అందుచేత సర్వీసు పొట్టిగా, నెట్‌ను రాసుకొని పోవలసినదే. పదునారు ఈకలతో, సుమారు 5 గ్రాముల బరువుతో ఉండే ఆ షటిల్ జంట ఆటలో నేలను చూడకుండ అటూ ఇటూ తిరిగే వేగము కన్నులకు అందదు. ఒంటరి ఆటగానికి ఊపిరి ముఖ్యము. జంట ఆటగానికి క్షణము ముఖ్యము.

దాడి చేస్తున్నప్పుడు ఒకడు ముందు, ఒకడు వెనుక నిలువబడతారు. కాచుకొనేటప్పుడు ఇద్దరూ పక్కపక్కన వస్తారు. ఒక్క ర్యాలీలోనే ఈ మార్పు నాలుగైదు మార్లు జరుగవచ్చు. ముందున్నవానికి వెనుకనున్నవాడు కనబడడు. తిరిగి చూస్తే షటిల్ దాటిపోతుంది. వెనుక పడిన అడుగుల చప్పుడును బట్టి, ఎదుటివారి కన్నులను బట్టి, తన జోడు ఎక్కడ ఉన్నాడో ఊహించి కదలవలసినదే. ఇక అన్నిటికంటె కష్టమైనది ఇద్దరి నడుమ పడే షటిల్. ఇద్దరూ ఎత్తబోతే రాకెట్లు తగులుకొంటవి; ఇద్దరూ మర్యాదకు ఆగిపోతే పాయింటు పోతుంది. ఇది నాది, అది నీది అని చెప్పుకొనడానికి వ్యవధి ఉండదు. వేల సాయంకాలాల సాధనలో చెప్పుకొనిన మాటలే అప్పుడు పని చేస్తవి.

2006లో లెక్కింపు పద్ధతి మారి, గేముకు 21 పాయింట్లు వచ్చినవి. అంతకు పూర్వము జంటలో ఒకడు సర్వీసు పోగొట్టుకొంటే రెండవవానికి అవకాశము మిగిలేది. కొత్త పద్ధతిలో జంటకు ఒకే సర్వీసు. ఒకని పొరపాటు ఆ క్షణముననే ఇద్దరి నష్టమవుతుంది.

మన పల్లెలలో, పాఠశాలలలో పెద్దవారికి ఈ భావము కొత్త కాదు. షటిల్ ఇంటింటికీ రాకమునుపు మనకు ఉన్ని బంతితో ఆడే బాల్ బాడ్మింటన్ ఉండేది. ఐదుగురు కలిసి ఆడే ఆ ఆటలో, పాఠశాల వెనుక చదును చేసిన మట్టి నేల మీద, ఉపాధ్యాయులు విద్యార్థులతో కలిసి చెమటోడ్చిన సాయంకాలాలు ఎందరికో జ్ఞాపకముండవచ్చును. అంతకంటె పాత ఉపమానము కాడి. ఇబ్రహీంపట్నం వైపు మెట్ట సేద్యము చేసే రైతు నడుగండి. రెండెద్దులూ బలమైనవే అయినంత మాత్రాన అరక సాగదు, అడుగు కలవాలి. బలమైన ఎద్దు ముందుకు లాగి, బలహీనమైనది వెనుకబడితే సాలు వంకర పోతుంది. జంట ఆట కూడ కాడి కట్టడమే.

సుమీత్ రెడ్డి మొదటి నుండీ ఈ కాడి క్రిందికి వచ్చినవాడు కాదు. తొలి దినములలో ఒంటరి ఆటనే ఆడినాడు. వెన్ను బాధ అతనిని ఆ దారి నుండి తప్పించినది. ఒంటరి ఆటలో కోర్టు నాలుగు మూలలకూ పరుగెత్తి వంగి లేచే శ్రమ ఒక్క దేహము మీదనే పడుతుంది. జంట ఆటలో ఆ శ్రమ వేరు రకముగా ఉంటుంది, పంచుకొనబడుతుంది. మన దేశములో అప్పటికి జంట ఆటను ఒంటరి ఆటలో నిలువలేనివారి ఆశ్రయముగా చూచే అలవాటు ఉండేది. తెలుగు నేలలో ఆ భావమును మొదట గట్టిగా కదిలించినది గుత్తా జ్వాల. ఆమె అశ్విని పొన్నప్పతో కలిసి 2010 ఢిల్లీ కామన్‌వెల్త్ క్రీడలలో స్వర్ణము, 2011 లండన్ ప్రపంచ పోటీలలో కాంస్యము గెలుచుకొన్నది. 1983లో ప్రకాశ్ పడుకోనే కాంస్యము తరువాత ప్రపంచ పోటీలలో మన దేశానికి దక్కిన పతకమది. అయినా పురుషుల జంట ఆటలో దారి ఇంకా ముళ్లకంపగానే ఉండెను.

సుమీత్‌కు దొరికిన జోడు మను అత్రి. ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ వాడు. ఇతడు తెలుగువాడు, అతడు హిందీవాడు. ఇతడు సాగరు దారి పల్లె బిడ్డ, అతడు గంగా యమునల నడిమి పట్టణ బిడ్డ. ఇద్దరూ కలిసి చిన్న పోటీలతో ప్రారంభించి, ఏ అట్టహాసమూ లేని ఊళ్లకు తిరిగి, పాయింటు వెంట పాయింటు కూడబెట్టుకొన్నారు. 2015లో మెక్సికో సిటీలో గ్రాన్ ప్రీ పోటీ గెలిచినారు. 2016 ఫిబ్రవరిలో దక్షిణాసియా క్రీడలలో స్వర్ణము గెలిచినారు. ఆ ఏడాది జూలైలో కెనడా ఓపెన్ గెలిచినారు. ప్రపంచ ర్యాంకింగులో మొదటి ఇరువదిలోనికి చేరినారు. ఆగస్టులో రియో ఒలింపిక్సుకు వెళ్లినారు.

ఈ తిరుగుడు వెనుకనున్న లెక్క కూడ తెలిసికొనదగినది. ఒంటరి ఆటగాని ర్యాంకు అతని సొంత ఆస్తి. జంట ఆటగాని ర్యాంకు జంటది. జోడు మారితే కొత్త జంట మళ్లీ అడుగు నుండి ఎక్కవలసినదే. ఒకని మడమ బెణికితే ఇద్దరి ఏడాది పోతుంది. ఇక సొమ్ము సంగతి. చాలా అంతర్జాతీయ పోటీలలో మొత్తము బహుమతి ధనములో ఒంటరి ఆట విజేతకు నూటికి 7.5 వంతులు వస్తే, జంట ఆట విజేతలకు నూటికి 7.9 వంతులు. దానిని ఇద్దరూ పంచుకోవాలి. విమానపు ఖర్చు, బస ఖర్చు మాత్రము పంచుకొంటే తగ్గేవి కావు. కీర్తి సంగతి చెప్పనే అక్కరలేదు. జంట పేరు పలికేటప్పుడు మను పేరు ముందు, సుమీత్ పేరు వెనుక. సగము మంది మొదటి పేరు విని చెవి మూసుకొంటారు.

రియోలో వారికి ఎదురైన గుంపు కఠినమైనది. 2013, 2015 సంవత్సరాలలో ప్రపంచ విజేతలైన ఇండోనేషియా జంట మహమ్మద్ అహ్సాన్, హెంద్రా సెతియవాన్‌ల చేతిలో మనవారు ఓడినారు. చైనా జంట చేతిలోనూ ఓడినారు. ముందుకు పోయే ఆశ అంతటితో తీరినది. మిగిలినది జపాను జంట ఎండో, హయాకావాలతో ఒక్క ఆట. గెలిచినా పతకము లేదు, ఓడినా కొత్తగా పోయేదేమీ లేదు. ఆ ఆటను మనవారు రెండు వరుస గేములలో, 23-21, 21-11గా గెలిచినారు. చిత్రమేమనగా, మనవారి చేతిలో ఓడిన ఆ జపాను జంట క్వార్టర్ ఫైనల్సుకు పోయినది; గెలిచిన మన జంట ఇంటికి తిరిగి వచ్చినది.

ఆ నెలలోనే 19వ తేదీన సింధు రజత పతకము గెలిచినది. నగరమంతా పండుగ చేసికొన్నది. అది ఆమెకు తగిన గౌరవమే. ఆ సంబరములో మన జంట గెలుపు వార్తాపత్రికలో ఒక చిన్న పేరా అయినది. నేను ఆ పేరాను చూడనే లేదు. నాకు దానిని చూపినవాడు నా పాత విద్యార్థి. ఇక్కడ నా తప్పు నొకదానిని చెప్పుకొనవలసి ఉన్నది.

అంతకు ఐదేండ్ల క్రిందట వాడు మా కళాశాలలో చదివేవాడు. పద్యము చక్కగా చదివేవాడు. అంతకంటె చక్కగా షటిల్ ఆడేవాడు. అంతర కళాశాల పోటీలలో వానికి మరొక తరగతి కుర్రవాడు జోడు. ఆ రెండవ పిల్లవాడు ఒక పరీక్ష తప్పగా, ఇంటివారు వానిని ఆట మాన్పించి శిక్షణాలయములో చేర్చినారు. మావానికి వేరొక జోడును కుదిర్చినా ఒప్పుకొనలేదు. "వాడు పరీక్ష గట్టెక్కి వస్తాడు సార్, అంతదాక చూస్తాను" అన్నాడు. నాకు అది మూర్ఖత్వముగా తోచినది. "ఒకని మీద ఆధారపడి ఎన్నాళ్లు కూర్చుంటావు? నీ దారి నీవు చూచుకో. ఆడితే ఒక్కడవే ఆడు, లేకపోతే పుస్తకము పట్టుకో" అన్నాను. హితవు చెప్పినాననే తృప్తి కూడ పొందినాను. వాడు తల వంచుకొని పోయినాడు. పుస్తకమే పట్టుకొన్నాడు. మళ్లీ రాకెట్టు పట్టినట్లు వినలేదు.

2016 ఆగస్టులో ఒక సాయంకాలము వాడు మా ఇంటికి వచ్చినాడు. ఉద్యోగము వచ్చినదని మిఠాయి తెచ్చినాడు. మాటల మధ్య జేబులో నుండి మడత పెట్టిన పత్రికా ఖండము తీసి నా చేతికిచ్చినాడు. రియోలో ఆ చివరి ఆట వార్త అది. చదివినాను. వాడు మెల్లగా అడిగినాడు: "సార్, ఈ గెలుపు వీళ్లిద్దరిలో ఎవరిది?"

వాని గొంతులో నిందలేదు. అయినా నాకు జవాబు తోచలేదు. ఐదేండ్ల క్రిందట నేను వానితో అన్న మాటలు వాడు మరువలేదని మాత్రము తెలిసినది. మరునాడు తరగతిలో సమాసాల పాఠము చెబుతుండగా, జవాబు ఇన్నేండ్లుగా నా నాలుక మీదనే ఉన్నదని గ్రహించినాను.

ఉపాధ్యాయ సోదరులకు ఈ పాఠము కొత్త కాదు. తత్పురుషములో ఉత్తర పదానికి ప్రాధాన్యము. బహువ్రీహిలో రెండు పదాలూ తమను మరచి మరొక దానిని సూచిస్తవి. ద్వంద్వములో మాత్రము ఉభయ పదాలకూ సమాన ప్రాధాన్యము. రామలక్ష్మణులు అన్నప్పుడు ముందున్న మాట గొప్పది, వెనుకనున్న మాట తక్కువది అని ఏ వ్యాకర్తా చెప్పలేదు. అందులో ఒక మాటను తీసివేస్తే రెండవది మిగులుతుంది గాని సమాసము మిగలదు. మను, సుమీత్‌లు అన్నప్పుడు వెనుకనున్న పేరు సగము పేరు కాదు. గెలుపు ఎవరిదని అడిగిన ప్రశ్నకు ద్వంద్వమే సమాధానము.

ఇందులో మరొక వింత ఉన్నది. మన భాషలో జంటకూ ద్వంద్వమే, ఇద్దరు ఎదురెదురుగా పోరాడే యుద్ధానికీ ద్వంద్వమే. ఇద్దరు మనుషులను ఒకచోట నిలిపినప్పుడు వారు జోడవుతారో, పోటీదారులవుతారో ఆ మాట చెప్పదు. అది నిలిపినవారి చేతిలో ఉన్నది. పాఠశాలలో ఒక బల్ల మీద ఇద్దరు పిల్లలను కూర్చుండబెట్టే ప్రతి ఉపాధ్యాయుడూ ప్రతి ఉదయము ఈ నిర్ణయము చేస్తూనే ఉన్నాడు.

ఈ విషయములో తెలుగువారికి ఉన్నంత మంచి సంప్రదాయము తక్కువ జాతులకు ఉంటుందని నా నమ్మకము. పదునైదవ శతాబ్దిలోనే నంది మల్లయ, ఘంట సింగయలు జంటగా కావ్యాలు వ్రాసినారు. పింగళి లక్ష్మీకాంతము, కాటూరి వేంకటేశ్వరరావు గారలు కలిసి సౌందరనందము వ్రాసినారు. తిరుపతి వేంకట కవుల సంగతి చెప్పనక్కరలేదు. ఊరూరా అవధానాలు చేసి, రాజాస్థానాలు గెలిచి, నాటకాలు వ్రాసిన ఆ జంటలో దివాకర్ల తిరుపతి శాస్త్రి గారు 1920లో కాలధర్మము చెందినారు. చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి గారు ఆ తరువాత మూడు దశాబ్దాలు, 1950 వరకు జీవించినారు. ఆ కాలములోనూ తమ రచనలను జంట పేరుతోనే ప్రకటించినారు. ఈ పద్యము ఎవరిది, ఆ పద్యము ఎవరిది అని విడదీయబోయిన వారికి ఆయన అవకాశమివ్వలేదు. జంట కవులను ఇంతగా నెత్తిన పెట్టుకొన్న జాతి, జంట ఆటగానిని చూచి నీ సొంత ర్యాంకు ఎంత అని అడగడము విడ్డూరము కాదా?

అయితే జంట జీవితములో సుఖమే ఉన్నదని చెప్పడము సత్యము కాదు. పరుల చేతిలో తమ భాగ్యము పెట్టుకొనే ఆట ఇది. 2012 లండన్ ఒలింపిక్సులో జ్వాల, అశ్వినిలు తమ గుంపులో మూడు ఆటలలో రెండు గెలిచి కూడ, పాయింట్ల తేడా లెక్కలో వెనుకబడి ఇంటికి రావలసి వచ్చినది. ఆ ఏడాది అదే పోటీలో, కావాలని ఓడజూచినందుకు నాలుగు జంటలను బహిష్కరించినారు. వంచన కూడ జంటగానే జరుగుతుందన్న మాట. ఒకడు ఓడదలచితే రెండవవాడు ఒంటరిగా నిజాయితీని నిలుపలేడు. మంచిలో ఎంత పాలు ఉన్నదో, చెడ్డలోనూ అంత పాలు. తిలాపాపము తలా పిడికెడు.

రియో తరువాత సుమీత్ జీవితము శిఖరము మీదనే సాగలేదు. అంతలో కొత్త తరము వచ్చినది. అమలాపురములో వ్యాయామోపాధ్యాయులైన కాశీవిశ్వనాథము గారి కుమారుడు సాత్విక్ సాయిరాజ్, ముంబాయి వాడైన చిరాగ్ శెట్టి జంట అయినారు. మలేషియా నుండి వచ్చిన శిక్షకుడు టాన్ కిమ్ హర్ వారిని 2016లో కలిపినాడు. ఇద్దరూ వెనుక నుండి బలముగా కొట్టే అలవాటు గలవారే. ఒక కాడికి రెండూ ముందుకు దూకే ఎద్దులే. చిరాగ్ నెట్ దగ్గరి పనిని ఎక్కువగా తన మీద వేసికొన్నాడు. ఆ సర్దుబాటు ఫలము లోకమెరిగినదే: 2022లో థామస్ కప్పు, కామన్‌వెల్త్ స్వర్ణము; 2023లో ఆసియా పోటీలలోనూ, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలోనూ స్వర్ణము; ఆ అక్టోబరులో ప్రపంచములో ప్రథమ స్థానము. 2023లో జపానులో జరిపిన కొలతలో సాత్విక్ స్మాష్ వేగము గంటకు 565 కిలోమీటర్లుగా గిన్నిస్ గ్రంథములోనికి ఎక్కినది.

ఈ వెలుగులో సుమీత్ వంటివారిని మరచిపోవడము సులభము. కాని మెట్లు లేకుండ మేడ లేదు. పురుషుల జంట ఆటను జీవనవృత్తిగా పెట్టుకొని కూడ ఒలింపిక్సుకు పోవచ్చునని మను, సుమీత్‌లు కండ్లకు కట్టినారు. ఒంటరి ఆటలో నిలువలేనివారి ఆశ్రయమనే అపవాదు తొలగడములో వారి చెమట కూడ ఉన్నది. సుమీత్ 2022 బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ క్రీడలలో రజతము పొందిన మిశ్రమ జట్టులో సభ్యుడు. ఈ పేట దారిలోని రెండవ ఊరి బిడ్డ సిక్కి రెడ్డి 2018 గోల్డ్ కోస్ట్ క్రీడలలో జట్టు స్వర్ణము, అశ్వినితో కలిసి జంట ఆట కాంస్యము గెలిచి, అదే ఏడాది అర్జున పురస్కారము పొందినది. 2023, 2024 సంవత్సరాలలో భార్యాభర్తలిద్దరూ మిక్స్‌డ్ డబుల్స్‌లో జంటగా అంతర్జాతీయ పోటీలలో ఆడినారు. ఇంటిలో సర్దుకొనడము వేరు, కోర్టులో సర్దుకొనడము వేరు. రెండూ ఒకరితోనే చేయడానికి ఎంత ఓర్పు కావలెనో గృహస్థులైన పాఠకులు ఊహించుకొనగలరు.

2025 మార్చిలో సుమీత్ రెడ్డి వృత్తి క్రీడ నుండి విరమించి, ఇక శిక్షణ మీదనే దృష్టి నిలుపుతానని ప్రకటించినాడు. అతనికి అప్పుడు ముప్పది మూడేండ్లు. మనలో చాలమంది ఉపాధ్యాయ వృత్తిలో కుదురుకొనే వయస్సు అది; ఆటగానికి అది వానప్రస్థము. అతని మెడలో ఒలింపిక్ పతకము లేదు. ర్యాంకుల గోడ మీద అతని ఫొటో వేయదలచినవాడు పక్కన మరొకని ఫొటో వేయక తప్పదు. అదే అతని జీవితపు విశేషము.

ఈ మాట విద్యార్థులతో చెప్పదలచినాను. మీరు ఒక్కరుగా వ్రాసే పరీక్షలు కొన్ని ఏండ్లతో ముగుస్తవి. తరువాత ఆసుపత్రిలో, కార్యాలయములో, పొలములో, సంసారములో మీరు ఆడబోయేవి చాల వరకు జంట ఆటలే. అక్కడ నడిమి షటిల్ ఎవరిదో ఎవరూ ముందుగా చెప్పరు. నా జోడు తప్పు చేసినాడని ప్రేక్షకుల వైపు చేతులు చూపేవానితో రెండవ మారు ఆడడానికి ఎవరూ ముందుకు రారు.

ఉపాధ్యాయులతో చెప్పదలచినది ఇంకొకటి. ఆనాటి నా విద్యార్థి జోడు కొరకు ఎదురుచూచినప్పుడు, వానిలో ఉన్న గుణానికి మన ప్రోగ్రెసు కార్డులో గడి లేదు. అందుచేత నేను దానిని దోషమనుకొన్నాను. గడి లేనిదానిని దోషమనుకొనడము మన వృత్తిలో తరచు జరిగే పొరపాటు.

ఆ తప్పుకు ప్రాయశ్చిత్తముగా కొన్నేండ్లుగా ఒక పని చేస్తున్నాను. ద్వంద్వ సమాసము చెప్పిన వారములో ఇద్దరిద్దరికి కలిపి ఒకే వ్యాసము వ్రాయమంటాను. ఒకే కాగితము, ఒకే మార్కు. మొదటి ఏడు తగవులు వచ్చినవి. తానే అంతా వ్రాసినానని ఒకడు, తనను వ్రాయనివ్వలేదని మరొకడు నా బల్ల దగ్గరకు వచ్చినారు. ఒక తండ్రిగారు వచ్చి, "మా అమ్మాయి మార్కును వేరుచేసి చెప్పండి సార్" అని మర్యాదగానే అడిగినారు. వేరు చేయడము కుదరదని నేనూ మర్యాదగానే చెప్పినాను. ఆయన సంతోషపడలేదు. కాని వెళ్లేటప్పుడు గుమ్మములో ఆగి, ఆ రెండవ అమ్మాయి ఎవరని అడిగి, పేరు తెలిసికొని వెళ్లినారు.